ముసుగు కింది పాట

పిట్ట గొంతులో మనిషి ఊపిరి వినబడింది.

వార్సితో అనే బాతిక్ అద్దకం పనివాడు పెరట్లో గోలెం దగ్గర నిలబడి చేతులకంటిన మైనం గీక్కుంటున్నాడు. గోటి కింద చిక్కుకున్న ముక్క ఇంకా ఊడలేదు, వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనకగదిలో, నల్లగుడ్డ ముసుగు కింద, మురై పిట్ట పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. ముందు ఎప్పటిలాగే గొణుగుడు, నిద్రలో మాట్లాడే మనిషిలా ముద్దముద్దగా. అది అతనికి తెలిసిందే. ముందుగదిలో వేలాడే ముసలి మురై పాటని పిల్ల అలాగే కొన్నాళ్ళు నములుతుంది. తర్వాత ముక్కలు విడివడతాయి. ఒకనాడు పాట మొత్తం బయటికొస్తుంది. కానీ ఇప్పుడు గొణుగుడు ఆగింది. కాస్త ఖాళీ. ఆ తర్వాత కడిగి బోర్లించిన గాజుగ్లాసంత శుభ్రంగా ఒక ఈల. రెండు మెట్లు పైకెక్కి, అక్కడ కాసేపు నిలబడి, మెల్లగా కిందికి జారి, చివర ఊపిరి చాలనట్టు చిన్నగా విరిగింది.

పిట్టకి ఊపిరి చాలకపోవడమేమిటి? ఆ విరుపు మనిషిది.

వంటింట్లో కత్తి చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. భార్య లస్మిని తెంపె కోస్తోంది. పులిసి గట్టిపడిన ఆ సోయా దిమ్మెని అవతలి వెలుతురు కనబడేంత పల్చగా కోసి, పిండిలో ముంచి, కరకరలాడేట్టు వేయించి, సందు చివరి దుకాణాలకి ఇస్తుంది.

"లస్మినీ, ఇవాళ ఎవరైనా వచ్చారా?"

కత్తి ఆగింది. "ఎవరొస్తారు?"

"అదే, అడుగుతున్నా."

"గ్యాసు అబ్బాయి వచ్చాడు. బండ గుమ్మంలోనే దింపి పోయాడు."

"లోపలికి రాలేదూ?"

"వస్తే మోసిపెట్టేవాడుగా. నేనే దొర్లించుకున్నాను," అంది. కత్తి మళ్ళీ కదిలింది.

వార్సితో వెనకగదిలోకి వెళ్ళాడు. పంజరం ముసుగు అంచులు ఎప్పుడూ ఎడమది కుడిదాని మీదకి మడుస్తాడు తను. ఇప్పుడు కుడిది పైనుంది. లస్మినిది కుడిచేతి వాటం. తనదీ కుడిచెయ్యే. అయితే ఈ మడత ఎవరిది? ముసుగు కొద్దిగా ఎత్తాడు. పిల్ల వెనక్కి జరిగింది. పొట్ట మీద ఇటుకరంగు ఇప్పుడిప్పుడే పరుచుకుంటోంది. తోక ఇంకా పూర్తిగా దిగలేదు. నల్లటి కన్ను అతన్ని చూసింది. ఎరగని మనిషిని చూసినట్టు చూసింది.

వంటింటి అరుగు మీద రెండు టీగ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి.

"రెండెందుకున్నాయి?"

లస్మిని వెనక్కి తిరిగి గ్లాసుల్ని చూసింది, తర్వాత అతన్ని చూసింది. "ఒకటి పొద్దున మీరు తాగిందే కదా మాస్?" అంది, మొగుణ్ణి ఎప్పుడూ పిలిచే పిలుపుతో.

అవును. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినా నమ్మకం కుదరలేదు.

*

ముసలి మురై, అందరూ గౌరవంగా పాక్ అని పిలిచే హర్తోయోది. ఒకప్పుడు అది పిట్టల పాటల పోటీ మైదానంలో గొంతెత్తితే చుట్టుపక్కల పంజరాల్లో పిట్టలు తోకలు ముడిచేవని సురకర్త ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ పిల్ల దాని చివరి సంతానం. హర్తోయో రెండింటినీ తెచ్చి వార్సితో ఇంట్లో పెడుతూ ఒకే మాటన్నాడు. "తండ్రి పాట దీని గొంతులో దిగితే నా పిట్టల కొట్టం తాళాలు నీ చేతికిస్తాను. ఆ మైనం పొగలో ఇంకెన్నాళ్ళు దగ్గుతావయ్యా!"

ఆ కొట్టంలో గాలి ఆడుతుంది. వార్సితో ఒకసారి వెళ్ళి చూశాడు. అప్పట్నుంచి కార్ఖానాలో మైనం మూకుడు ముందు నిలబడ్డప్పుడల్లా ఆ గాలే గుర్తొస్తోంది. హర్తోయో వచ్చే ఆదివారం వినడానికి వస్తానన్నాడు. మనిషి ఈల దూరిన పిట్టని పోటీల్లో న్యాయనిర్ణేతలు పక్కన పెట్టేస్తారు. ఆ ఒక్క మరకా చాలు.

పిల్లని తయారుచేసే పద్ధతి ఈ సందులో అందరిదీ ఒకటే. పంజరానికి నల్లగుడ్డ కప్పేస్తారు. కళ్ళు అటూ ఇటూ పోకుండా కట్టేస్తే చెవులు పాట వైపే తెరుచుకుంటాయని. నేర్పే పిట్ట కనబడకూడదు, వినబడాలి. మేత వెయ్యడానికి ముసుగు కాస్త ఎత్తడం, వెంటనే దించేయడం. పగలు అతను కార్ఖానాలో ఉంటాడు కాబట్టి కీచురాళ్ళ కాళ్ళు తుంచి వేయడం, చీమగుడ్లు తడిపి పెట్టడం, నీళ్ళు మార్చడం లస్మిని పనులు.

మర్నాడు అతని అచ్చు వంకరపోయింది. రాగి అచ్చుని మూకుట్లో ముంచి, దులిపి, గుడ్డ మీద పెట్టి అరచేత్తో ఒక్క గుద్దు గుద్దాలి. పక్క అచ్చు అంచుకి దీని అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. ఇన్నేళ్ళుగా చెయ్యి తనంతట తానే చేసే పని అది. ఇవాళ పువ్వుకీ పువ్వుకీ మధ్య తెల్లటి సందు మిగిలిపోయింది.

"ఏంటి సితో, గుడ్డ మీద దోవ వేస్తున్నావా ఎవరికైనా?" అన్నాడు పక్కబల్ల దగ్గరివాడు. అందరూ నవ్వారు. వార్సితో నవ్వలేదు. ఆ మాట ఎందుకన్నాడని ఆలోచించాడు.

అతని ఆలోచన ఒక్కచోటే తిరుగుతోంది. పిట్ట దారినపోయే చప్పుడు పట్టదు. ఐస్ బండి గంట రోజూ సందులో మోగుతుంది, పట్టిందా? మసీదు మైకు గోడ పక్కనే ఉంది, పట్టిందా? ఎవరో దగ్గరగా నిలబడాలి. ముసుగెత్తాలి. ఎదురెదురుగా మళ్ళీ మళ్ళీ వెయ్యాలి, పిట్ట గొణిగితే ఆగాలి, ఆగి మళ్ళీ వెయ్యాలి. అంటే ఒక మనిషి రోజూ వస్తున్నాడు. గోడ అవతల్నుంచి కాదు, ఇంట్లోకి వస్తున్నాడు. తీరిగ్గా ఉంటున్నాడు.

ఎందుకు వస్తున్నాడు? పిట్టని చెడగొట్టడానికి. వార్సితో ఆ జవాబుని గట్టిగా పట్టుకున్నాడు. దాని వెనక ఇంకో జవాబు నిలబడి ఉందని తెలుసు. అటు తిరగలేదు.

*

ఎదురింటి అరుగు మీద గిమిన్ కాఫీ అమ్ముతాడు. అతనికీ పిట్టల పిచ్చే. పోయినేడాది పోటీలో వార్సితో పిట్ట ముందు అతనిది తేలిపోయింది. ఆ రోజు వచ్చి భుజం తట్టాడు కానీ, ఆ తట్టడం కాస్త గట్టిగా ఉందని వార్సితోకి ఇప్పుడు అనిపిస్తోంది.

గురువారం తలనొప్పని చెప్పి కార్ఖానా నుంచి మధ్యాహ్నమే బయటపడ్డాడు. ఇంటికి పోకుండా గిమిన్ అరుగు మీద మూలగా, తన ఇంటి తలుపు కనబడేలా కూర్చున్నాడు. కాఫీ తాగలేదు, పైకి తేలిన నురుగు కిందికి దిగేదాకా చూస్తూ కూర్చున్నాడు. లస్మిని ఒకసారి బయటికొచ్చి తెంపె కడిగిన నీళ్ళు కాలవలో పోసింది. వంగినప్పుడు ముంజేతి మీద నూనె చిట్లిన మచ్చ మెరిసింది. ఎప్పటిదో ఆ మచ్చ. ఎప్పటిదో అతనికి తెలియదు. ఆమె మణికట్టుతో నుదురు తుడుచుకుని, ఖాళీ సందుని ఒకసారి చూసి, లోపలికెళ్ళింది. పెళ్ళైనప్పట్నుంచి ఆమెని ఇంతసేపు చూసిన గుర్తు లేదు అతనికి.

"ఏంట్రా, సొంతింటికి కాపలానా?" అన్నాడు గిమిన్, అరటికాయ బజ్జీ పళ్ళెం తోస్తూ. "జీతమెవరిస్తున్నారు?"

"గిమిన్, ఒక మాట అడుగుతా. నిజం చెప్పు."

"అప్పడిగితే తప్ప ఏదైనా చెప్తా."

"నా పిట్టకి ఈల నేర్పుతున్నది నువ్వేనా?"

గిమిన్ చెయ్యి పళ్ళెం మీదే ఉండిపోయింది. తర్వాత పెదాల మీద పడిన మీసాల్ని వేళ్ళతో పైకెత్తాడు. ముందుపళ్ళు పైవీ లేవు, కిందవీ లేవు. గులాబిరంగు చిగుళ్ళు.

"ఇదిగో చూడు బాబూ. బాగా చూడు. ఊదమంటావా?" ఊదాడు. గాలి, దాంతోపాటు కాస్త ఉమ్మి. "నన్ను దొంగని చెయ్యాలంటే ముందు పళ్ళు కట్టించి చెయ్యి. ఖర్చు నీదే!"

ఆ పళ్ళు లేవని సందులో పిల్లలకి కూడా తెలుసు. వార్సితోకీ తెలుసు. అనుమానమే వాటిని మళ్ళీ మొలిపించింది.

గిమిన్ తన నవ్వుకి తానే దగ్గి, కళ్ళు తుడుచుకున్నాడు. "అయినా నువ్వు లేనప్పుడు నన్ను ఇంట్లోకి ఎవరు రానిస్తారనుకున్నావురా?"

వార్సితో చూపు తన ఇంటి తలుపు మీదే ఉంది. గిమిన్ మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. ఎదురింటి తలుపు వంక చూశాడు. పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు.

"కాఫీ చల్లారిపోయింది. ఇంటికి పో సితో," అన్నాడు. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

*

ఆ సాయంత్రం వార్సితో పంజరం ముసుగుని కిందనుంచి దారంతో బిగించి కట్టాడు. కార్ఖానాలో గుడ్డ మూటలకి వేసే ముడి అది, వేసినవాడు తప్ప ఇంకొకరు విప్పితే తెలిసిపోతుంది.

"రేపట్నుంచి మేత నేనే వేస్తా. పొద్దున ఒకసారి, వచ్చాక ఒకసారి. నువ్వు ఆ గదిలోకి వెళ్ళొద్దు."

లస్మిని పిండిలో ధనియాలు కలుపుతోంది. "నీళ్ళో?"

"అవీ నేనే."

"సరే," అంది.

ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి ఏదో అమర్చుకున్నాడు. అడగకపోవడమే అతనికి పెద్ద సాక్ష్యంలా కనబడింది. భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె వడ్డించే చెయ్యి వణుకుతుందేమోనని చూశాడు. వణకలేదు. వణకని చెయ్యి ఎంత ఆరితేరిందో అనుకున్నాడు. ఒక్కసారి మాత్రం, అతను కూర కలుపుకుంటున్నప్పుడు, ఆమె వెనకగది వైపు చెవి పెట్టినట్టు తల వంచింది. ఎవరి కోసం వింటోంది?

శుక్రవారం పిట్ట గొణగలేదు. శనివారమూ గొణగలేదు. ముందుగదిలో తండ్రి పిట్ట ఉన్న పాటంతా కుమ్మరిస్తోంది, కొడుకు మాత్రం నోరు విప్పలేదు. వార్సితో ముడి విప్పి, ముసుగెత్తి, కాళ్ళు తుంచిన కీచురాయిని పుల్లకి గుచ్చి ఊచల్లోంచి అందించాడు. పిల్ల ఈకలు ఉబ్బించుకుని కొమ్మ మీద దూరంగా కూర్చుంది. అతను పుల్ల పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాకే వచ్చి తిన్నది. తిని వీపు తిప్పుకుంది.

"పాడు," అన్నాడు. "నీకేం తక్కువ చేశాను? పాడు."

వంటింట్లో కత్తి చప్పుడు కొంచెం సేపు ఆగి మళ్ళీ మొదలైంది. అతను గబుక్కున ముసుగు దించి ముడి బిగించాడు. ఎవరో తన గొంతు విన్నారని సిగ్గేసింది. అంతలోనే, ఆమె ఎందుకు వింటోందని కోపమొచ్చింది.

*

ఆదివారం పాక్ హర్తోయో ఇస్త్రీ బాతిక్ చొక్కాలో, లవంగం సిగరెట్ వాసనతో వచ్చాడు. మోటారు సైకిలు సందు మొదట్లోనే దిగి నడిపించుకుంటూ వచ్చినందుకు ఆయాసపడుతున్నాడు. ముందు తన ముసలి పిట్ట దగ్గరికెళ్ళి వేలితో ఊచలు గీకాడు. అది తోక ఎగరేసి పాడింది. "మొగుడా, ఇంకా బతికే ఉన్నావా!" అని మురిసిపోయాడు. తర్వాత వెనకగదిలో బల్ల మీద కూర్చున్నాడు.

వార్సితో ముడి విప్పాడు. ముసుగు పూర్తిగా తీసి పంజరం కొక్కేనికి తగిలించాడు.

పిల్ల కూర్చుంది. హర్తోయో నాలుక చప్పరించాడు. చిటికె వేశాడు. పిల్ల ఒక కన్నుతో గోడని చూస్తోంది. ముందుగదిలోంచి తండ్రి పాట అలలు అలలుగా వస్తోంది. దాన్ని అది వానచప్పుడు విన్నట్టు వింటోంది.

"మూగదా ఇది?"

"లేదు పాక్. మొన్నటిదాకా బాగా గొణిగేది. రెండ్రోజులుగా..."

"జబ్బేమో."

"తింటోంది."

హర్తోయో సిగరెట్ సగం కాల్చాడు. వార్సితోకి దగ్గొచ్చింది, మింగేశాడు. తాళాలూ, కొట్టమూ, ఆ గాలీ, అన్నీ ఈ పిడికెడు పిట్ట ముక్కు మీద వేలాడుతున్నాయి. అది ముక్కు మాత్రం తెరవడం లేదు.

అప్పుడు లస్మిని టీ పళ్ళెంతో గుమ్మంలోకొచ్చింది. లోపలికి రావచ్చా అన్నట్టు భర్త వైపు చూసి ఆగింది. వెళ్ళొద్దన్న గది కదా.

పిట్ట తోక నిలువుగా లేచింది.

కొమ్మ చివరికి ఒక్క గెంతు, అక్కణ్ణుంచి ఊచల దగ్గరికి ఇంకో గెంతు. రెక్కలు సగం విప్పి వణికించింది. ఆమె వైపు మెడ చాచింది. అతను ముసుగెత్తినప్పుడు ఎన్నడూ అతనికి దక్కని చూపు చూసింది. గొంతు ఉబ్బింది. పాడింది. గొణుగుడు కాదు. తండ్రి పాటే, ఆ గలగలా, ఆ జారుడూ, మధ్యలో రాయి మీద రాయి కొట్టినట్టుండే ఆ కటకటా, ఒక్క ముక్క కూడా పోకుండా, ముందుగదిలో ముసలిది నివ్వెరపోయి ఆగేటట్టు. హర్తోయో చేతిలో సిగరెట్ బూడిద బల్ల మీద రాలింది.

చివర్న ఈల వచ్చింది. రెండు మెట్లు పైకి, కాస్త నిలకడ, జారుడు, ఊపిరి విరుపు. అది వేసి పిట్ట ఆగింది. తల పక్కకి వంచి, తన వంతు అయిపోయినట్టు, ఆమె పెదాల వంక చూస్తూ ఎదురుచూసింది.

లస్మిని పెదాలు లోపలికి ముడుచుకున్నాయి.

హర్తోయో పెద్దగా నవ్వాడు. "అమ్మా, అమ్మా! నా ముసలోణ్ణి గురువుగా పెట్టాననుకున్నాను. గురువుగారు టీ పట్టుకొచ్చారే!"

వార్సితోకి ముందు కలిగింది ఉపశమనం. ఎవరూ రాలేదు. ఆ ఉపశమనంతోనే మొహం ఆమె వైపు తిప్పాడు. అది తప్పయింది. ఆ మొహంలో ఆమె అంతా చదివేసింది. ఎవరొచ్చారు, లోపలికి రాలేదూ, రెండెందుకున్నాయి, నువ్వు వెళ్ళొద్దు, ఆ మాటలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఆమె కళ్ళలో వరుస కట్టడం అతను చూశాడు. వరుస పూర్తయింది. ఆమె వంగి పళ్ళెం బల్ల మీద పెట్టింది. గ్లాసు హర్తోయో వైపు రెండు చేతులతో జరిపి, వెనక్కి అడుగులేసుకుంటూ వెళ్ళిపోయింది.

"నేర్పేవాడు కనబడకపోతే పాట కూడా గోడచప్పుడే కదయ్యా దీనికి," అన్నాడు హర్తోయో టీ ఊదుకుంటూ. "మనమేమో గుడ్డ కప్పి చీకట్లో కూర్చోబెడతాం. ఎవరు వెలుతురు తెస్తే వాళ్ళ కోసం పాడుతుంది. నా ముసలోడి పాట కూడా ఆవిడకి వినిపించడానికే పట్టినట్టుంది వెధవ." కాసేపు పంజరం వంక ఇష్టంగా చూశాడు. తర్వాత నిట్టూర్చాడు. "గొంతు బంగారం. కానీ ఆ ఈలతో మైదానంలోకి తీసుకెళ్ళలేను. మరక పోదు."

"కొట్టం సంగతి పాక్..."

"ఇంకో పిల్ల పుడితే చూద్దాంలే." వెళ్ళేటప్పుడు ముసలి పిట్ట పంజరం తీసుకున్నాడు. పిల్ల దగ్గర ఆగి, చెయ్యి ఊపాడు. "ఇది మీ ఇంటిదే. ఉంచుకోండి."

*

ముందుగది కొక్కెం ఖాళీగా వేలాడుతోంది. వార్సితో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లస్మిని తెంపె కోస్తోంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఒరుగుతున్నాయి.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలి?"

"అన్నిసార్లు అడిగాను."

"ఎవరొచ్చారని అడిగారు. వచ్చినవాణ్ణి చెప్పాను." కత్తి ఆగలేదు. "ఈల ఎవరిదని అడగలేదు."

అతను గుమ్మం పట్టుకున్నాడు. "నీకు ఈల వచ్చని నాకు తెలీదు."

"కాపరానికొచ్చిన కొత్తలో మీ అమ్మగారు విన్నారు. ఆడది ఈల వేస్తే ఇంట్లోకి పాములొస్తాయన్నారు. మానేశాను." ఒక ముక్క మందంగా తెగింది. దాన్ని వేరుగా పెట్టింది. "అది పెద్ద మానడమేం కాదు. ఎవరూ లేనప్పుడు నోట్లో ఉండేది. ఆ పిట్ట చీకట్లో ఒక్కటే ఉంటుంది కదా అని, కీచురాళ్ళు వేసేటప్పుడు... తిరిగి అంది అది. మొదటిసారి అన్నప్పుడు నవ్వొచ్చింది."

"అది ఏం పాట?"

"పాటేం కాదు."

ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాడు. ఆమె అతన్ని తిట్టలేదు, ఏమనుకున్నారు నా గురించి అని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి ఒప్పుకుని, క్షమించమని, ఆ సంగతి అక్కడితో తెంచేసేవాడు. ఆమె అందుకు చోటివ్వలేదు. నూనె పెనం పొయ్యి మీద పెట్టింది, అంతే.

పిట్ట వెనకగదిలోంచి ఈల వేసింది. ఆగింది. ఎదురుచూసింది. మళ్ళీ వేసింది. లస్మిని పిండి గిన్నె దగ్గరికి లాక్కుంది. జవాబు చెప్పలేదు. సాయంత్రందాకా అది అడుగుతూనే ఉంది, ఇంట్లో ఇద్దరూ వింటూనే ఉన్నారు.

సోమవారం పొద్దున వార్సితో పంజరం తెచ్చి వంటింటి కిటికీ పక్కన కొక్కెం దిగ్గొట్టి తగిలించాడు. నల్లగుడ్డని మడిచి గోలెం తుడిచే గుడ్డల్లో పడేశాడు. లస్మిని చూసింది. కీచురాళ్ళ డబ్బా ఆమెకి అందేలా అరుగు మీద పెట్టి, "వెళ్ళొస్తా," అన్నాడు. "ఊఁ," అంది.

వీధితలుపు వేసుకుని రెండడుగులేశాడు. కిటికీ కింద గోడ పక్కన ఆగిపోయాడు. తను ఆగినట్టు తనకే ఆలస్యంగా తెలిసింది. లోపల పిట్ట ఈల వేసింది, ఆగింది. వార్సితో ఊపిరి బిగబట్టాడు. ఇప్పుడు వేస్తుంది. ఒక్కసారి విని వెళ్ళిపోవాలి. ఆమె పెదాల మీద అది ఎలా ఉంటుందో, పిట్ట అరువు తెచ్చుకున్నది కాకుండా అసలుది, ఒక్కసారి. గిమిన్ ఎదురరుగు మీద బొగ్గులు విసురుతూ అతన్ని చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఈల రాలేదు. లోపల కత్తి చప్పుడు కూడా లేదు.

"చెప్పుల చప్పుడు వినబడలేదు," అంది లస్మిని గొంతు, కిటికీ లోపలి నుంచి, మామూలుగా. "వెళ్ళండి మాస్. పనికి ఆలస్యమవుతుంది."

వార్సితోకి చెవుల దాకా వేడెక్కింది. ఆ తర్వాత కదిలాడు. మామూలుగా అతని నడక అంత చప్పుడు చెయ్యదు. ఇప్పుడు చెప్పులు నేలకేసి ఈడుస్తూ, ప్రతి అడుగూ ఆమెకి వినబడేట్టు, గిమిన్ అరుగు దాటి, మసీదు గోడ దాటి, సందు మలుపు దాకా అలాగే నడిచాడు. మలుపు దగ్గర కాళ్ళు కాస్త నెమ్మదించాయి. అక్కడ చెవి రిక్కిస్తే ఏదైనా వినబడేదేమో. దగ్గు వచ్చింది. దాన్ని మింగకుండా, గట్టిగా, ఇంటిదాకా వినబడేట్టు దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.